గుర్రమా, ఈతకొలనా?

కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే కట్ చేసేవాళ్ళను చూస్తే నాకు జాలి. ఇంట్లో ఇంటర్ పాసైన పిల్లను పెట్టుకుని, యూనివర్సిటీల నంబర్లన్నీ బ్లాక్ చేసి, అదేదో ఘనకార్యంలా లిఫ్టులో చెప్పుకునేవాళ్ళను చూస్తే మరీ జాలి. వెతుక్కుంటూ వచ్చిన అదృష్టాన్ని గుమ్మంలోంచే పంపేస్తున్నారు. నా మాట వినండి. అడ్మిషన్ల ఫోన్ కాల్ చేసినంత మేలు ఈ కాలపు మనిషికి మరొకటి చేయదు.

ఎలాగంటారా? నా సంగతే చూడండి. నా పేరు విజయరత్నం. లక్డీకాపూల్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, శ్రీనగర్ కాలనీలో కాపురం. మొన్నటి వేసవి దాకా నాకు ఫోన్ చేసేది ఎవరు? నా భార్య సుమిత్ర, పెరుగు ప్యాకెట్ కోసం. మా బ్రాంచి మేనేజరు, నేను సీట్లో ఎందుకు లేనో కనుక్కోవడం కోసం. క్రిస్మస్‌కు మా అన్నయ్య. అంతే. యాభై దాటిన మగవాడికి ఈ నగరంలో సెల్‌ఫోన్ అంటే జేబులో పెట్టుకునే గడియారం, అంతకు మించి ఏమీ కాదు.

మా అమ్మాయి సెరీనా ఇంటర్ ఫలితాలు వచ్చిన పూట నుంచి నా బతుకు మారిపోయింది. మేమింకా ఫలితాల పేజీ తెరుచుకోక తంటాలు పడుతుంటే ఫోన్ మోగింది. "కంగ్రాట్యులేషన్స్ సార్, అమ్మాయి ఫస్ట్ క్లాస్‌లో పాసైంది" అన్నారు అవతలి నుంచి. కన్నతండ్రికన్నా ముందు కూతురి మార్కులు తెలుసుకుని, ఆనందం పట్టలేక ఫోన్ చేసే ఆత్మీయులు మన చుట్టాల్లో ఎంతమంది ఉన్నారు?

అది మొదలు. ఆఫీసులో ఉంటే ఒకరు, మెట్రోలో నిలబడితే ఒకరు, గడ్డం గీసుకుంటుంటే ఒకరు. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు "దేవుడు నిన్ను పేరు పెట్టి పిలుస్తున్నాడు" అంటున్న క్షణాన నా జేబు మోగింది. బయటికి పరిగెత్తి ఎత్తితే ఏదో యూనివర్సిటీ. వాళ్ళూ పేరు పెట్టే పిలిచారు. మా చిన్నాన్న భూస్థాపనలో ఉండగా మరొకరు చేశారు. సమాధుల తోటలో ఉన్నానమ్మా అని చెబితే ఆ అమ్మాయి నిజంగా నొచ్చుకుంది. సంతాపం తెలియజేసింది. ఒక్క నిమిషం మౌనంగా ఉండి, పోయినాయన మనవళ్ళలో ఎవరైనా ఇంటర్ పూర్తి చేశారా అని అడిగింది.

మా డాక్టరు నన్ను రోజూ నడవమని ఎన్నేళ్ళ నుంచో మొత్తుకుంటున్నాడు. ఈ ఫోన్లు మాట్లాడుతూ బాల్కనీలో అటూ ఇటూ తిరిగి షుగరు తగ్గించుకున్నాను. ఇంతకన్నా ప్రజాసేవ ఏముంటుంది?

ఇక మా సెరీనా గురించి చెప్పాలి. కాగితం ఖాళీగా కనిపిస్తే ఊరుకునే పిల్ల కాదు. సండే స్కూల్లో నోవహు ఓడ వేయమంటే పిల్లలంతా ఓడ వేశారు. ఇది మాత్రం ఓడ ఎక్కనని మొండికేసి, కాళ్ళు తన్నిపట్టి వెనక్కి లాగుతున్న మేకను వేసింది. ఓడ ఏదమ్మా అని టీచరు అడిగితే, మేక ఇంకా అక్కడికి రాలేదు కదా అందట. అలాంటి పిల్లను మేము ఎంపీసీలో చేర్చాం. పాపం చదివింది, పాసైంది. అయ్యాక మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, యానిమేషన్ డిగ్రీ చేస్తానని చెప్పింది. కదిలే బొమ్మలు వేయడం నేర్చుకోవాలట.

సుమిత్ర బంజారా హిల్స్‌లో ఒక ఆస్పత్రిలో సీనియర్ నర్సు. ఆవిడకు ఏ విషయమైనా రెండు మాటల్లో తేలిపోవాలి. "ఏ చదువైనా సరే, పని నేర్పే చోట చేర్పించండి" అంది. పని నేర్పే చోట! పాతకాలపు మనిషి. యూనివర్సిటీని ఎంచుకోవడం అంత తేలికైతే ఈ దేశంలో ఇన్ని వేలమంది కౌన్సెలర్లు ఎందుకుంటారు?

పై ఫ్లోర్ రామ్మోహనరావు గారిది భీమవరం. సంగతి తెలిసి మెట్లు దిగి వచ్చారు. "ఏంటండీ విజయరత్నం గారూ, బొమ్మలకు కూడా డిగ్రీ ఏంటండీ? మా అబ్బాయి తారక్‌ని చూడండి, కంప్యూటర్స్‌లో చేరిన దగ్గర్నుంచి తలెత్తితే ఒట్టు" అని హితవు చెప్పి వెళ్ళారు. వారం తిరక్కుండా మళ్ళీ దిగివచ్చారు. ఈసారి చేతిలో ఒక యూనివర్సిటీ బ్రోషర్ ఉంది. భవిష్యత్తంతా యానిమేషన్‌దేనని, ఆలస్యం చేయొద్దని, చేరేటప్పుడు మాత్రం ఎవరు చెప్పారంటే తన పేరు రాయమని చెప్పారు. పిల్లల్ని చేర్పించినవాళ్ళకు ఆ యూనివర్సిటీ మిక్సీ బహుమతిగా ఇస్తోందని తర్వాత వాళ్ళావిడ ఛాయాదేవి గారే మా ఆవిడతో అన్నారు. అయితే ఏమిటి? మిక్సీ కోసమైనా పక్కింటి పిల్ల భవిష్యత్తు గురించి ఆలోచించే మనుషులు ఏ దేశంలో ఉన్నారు?

మా డైనింగ్ టేబుల్ మీద అన్నం గిన్నెకు చోటు లేకుండా బ్రోషర్లు పేరుకుపోయాయి. వాటిలో చివరికి రెండు మిగిలాయి. ఆ యూనివర్సిటీల అసలు పేర్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయంటే మేము తికమక పడి, అట్టల మీది ఫొటోలను బట్టి వేరే పేర్లు పెట్టుకున్నాం. ఒకదాని అట్ట మీద ఒక కుర్రాడు గుర్రపుస్వారీ చేస్తున్నాడు. అది గుర్రం యూనివర్సిటీ. దాని సిటీ ఆఫీసు అమీర్‌పేటలో. రెండోదాని అట్ట మీద నీలంగా మెరిసే పెద్ద ఈతకొలను. అది ఈతకొలను యూనివర్సిటీ. దాని సిటీ ఆఫీసు పంజగుట్టలో. రామ్మోహనరావు గారి మిక్సీ ఈతకొలనులో ఉంది.

రెంటిలో ఏది మేలు? గుర్రం యూనివర్సిటీ దేశంలో నంబర్ వన్ అని వాళ్ళ బ్రోషర్‌లో ఉంది. ఈతకొలను యూనివర్సిటీ కూడా నంబర్ వన్నే. గుర్రంలో హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్. ఈతకొలనులోనూ హండ్రెడ్ పర్సెంటే. ఇక యానిమేషన్ గురించి అంటారా, రెండింట్లోనూ చెరొక పేజీ ఉంది. ఆ పేజీలో ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చుని నవ్వుతున్నారు. రెండు బ్రోషర్లలోనూ అదే అమ్మాయి, అదే అబ్బాయి. ఒకేసారి రెండు యూనివర్సిటీల్లో చదవగలిగేంత చురుకైన పిల్లలన్నమాట.

ఆ పేజీలో ఏం నేర్పుతారో, ఎవరు నేర్పుతారో లేదని సుమిత్ర పేచీ పెట్టింది. ఆవిడకు నేను నచ్చజెప్పాను. పెళ్ళిశుభలేఖలో కూరల పేర్లు వేస్తారా? అలాగే ఇదీను. వెళ్ళి కూర్చుంటే వడ్డిస్తారు.

ఒక శనివారం ముందుగా గుర్రానికి వెళ్ళాం. అమీర్‌పేటలో మెట్రో దిగి బయటికి వస్తే ఆకాశం కన్నా ముందు కోర్సులు కనిపిస్తాయి. గుర్రం వాళ్ళ ఆఫీసు ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉంది. సెరీనా తన బొమ్మలున్న అట్ట ఫైలును రిబ్బనుతో కట్టి, గుండెలకు హత్తుకుని తెచ్చింది. హనుమత్ప్రసాద్ అనే ఆయన మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాడు. కోటు వేసుకున్నాడు. కోటు మీది బ్యాడ్జీలో 'చీఫ్ డ్రీమ్ ఆఫీసర్' అని ఉంది. బాదం పాలు తెప్పించాడు.

సెరీనా రిబ్బను ముడి విప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఫైల్ వద్దమ్మా. నీ కళ్ళలోనే కనిపిస్తోంది ప్యాషన్" అన్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం పైన ఇన్నాళ్ళుగా ఆఫీసు నడిపినవాడికి ఆ మాత్రం కళ్ళు చదవడం రాదా? సెరీనా మళ్ళీ ముడి వేసుకుంది.

స్కాలర్‌షిప్ పరీక్ష ఉందని చేతికి ఒక టాబ్లెట్ ఇచ్చారు. నీకు కలలు ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. ఉన్నాయి అని ఒక జవాబు, చాలా ఉన్నాయి అని మరొకటి. మా అమ్మాయి గట్టెక్కింది. పక్కన ఇంకో టాబ్లెట్ ఖాళీగా ఉంటే, పాలు తాగుతూ కాలక్షేపానికి నేనూ నొక్కాను. నాకు మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చింది. మా ఇంట్లో ఇంత ప్రతిభ ఉందని ఎవరైనా ఇంతకు ముందు మాకు చెప్పారా?

ఆ మధ్యాహ్నమే వాళ్ళ బస్సులో క్యాంపస్ చూపించడానికి తీసుకెళ్ళారు. ఔటర్ రింగ్ రోడ్డు దాటి, పొలాల మధ్య పెద్ద గాజు బిల్డింగు. యానిమేషన్ ల్యాబ్‌లో కంప్యూటర్లకు వేసిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. ఎంత జాగ్రత్త! టీచర్లెవరని సెరీనా అడిగితే, వాళ్ళంతా నేరుగా ఇండస్ట్రీ నుంచి వస్తారని మా వెంట వచ్చిన కుర్రాడు చెప్పాడు. ఎప్పుడొస్తారని సెరీనా మళ్ళీ అడిగింది. అది ట్రాఫిక్‌ను బట్టి ఉంటుందన్నాడు.

వచ్చినందుకు గుర్రాన్నైనా చూసిపోదామని గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగాను. "గుర్రం లేదు సార్, పెండ్లికి పోయింది" అన్నాడు. శ్రావణం దాకా ముహూర్తాలు లేవనుకున్నాను. గుర్రానికి తెలిసినంత పంచాంగం నాకేం తెలుసు? క్యాంపస్ మొత్తంలో ప్లేస్‌మెంట్ వచ్చిన ప్రాణిని చూడాలనుకుంటే, అది డ్యూటీలో ఉంది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

తిరుగు బస్సులో సెరీనా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఫైలు ఒడిలో ఉంది. ఏమైందమ్మా అంటే ఏమీ లేదు డాడీ అంది. కాసేపయ్యాక, "వాళ్ళు నా బొమ్మలు ఎందుకు చూడలేదు?" అని అడిగింది. టైము లేకపోయి ఉంటుందన్నాను.

మరుసటి వారం ఈతకొలను వంతు. ఇక్కడ మంజూష గురించి చెప్పాలి. నాకు ఫోన్ చేసేవాళ్ళందరిలోకీ మర్యాదస్తురాలు ఈ అమ్మాయే. ఈతకొలను యూనివర్సిటీ తరఫున రోజూ చేసేది. "నమస్కారమండీ విజయరత్నం గారూ, మంజూషను మాట్లాడుతున్నానండీ. టిఫిన్ చేశారా అండీ?" అని గోదావరి నీళ్ళు తాగి పెరిగినట్టు పలికేది. మా ఇంట్లో నా టిఫిన్ గురించి ఎవరూ అడగరు. పెట్టే పూట పెడతారు, లేని పూట నేనే వెతుక్కుంటాను. అందుకని ఈ అమ్మాయి ఫోన్ కోసం నేను కొంచెం ఎదురుచూసేవాణ్ణని దాచకుండా చెబుతున్నాను.

పంజగుట్ట చౌరస్తాకు దగ్గర్లో, ఒక చీరల షాపు మీది అంతస్తులో వాళ్ళ ఆఫీసు. లోపల పొడుగాటి గది. వరసగా బల్లలు, ప్రతి బల్ల దగ్గరా హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఒక కుర్రాడో అమ్మాయో. గదంతా నమస్కారమండీ నమస్కారమండీ అని తేనెపట్టులా మోగుతోంది. గోడ మీద 'మా తారలు' అని పెద్ద బోర్డు. అందులో నల్లగౌను, టోపీ వేసుకున్న పట్టభద్రుల ఫొటోలు, కింద ఒక్కొక్కరూ ఏ ఉద్యోగంలో చేరారో బంగారు అక్షరాల్లో.

మంజూష లేచి వచ్చి మమ్మల్ని తన బల్ల దగ్గర కూర్చోబెట్టింది. సన్నగా, పొట్టిగా ఉంది. నవ్వు ఫోన్‌లో వినిపించినట్టే ఉంది. మాట మాత్రం అది కాదు. "బస్సుల వచ్చిన్రా, మెట్రోల వచ్చిన్రా సార్? జర నీళ్ళు తాగండి" అంది. ఆ గోదావరి యాస ఏమైందమ్మా అని అడిగితే సిగ్గుపడింది. తనది సిద్దిపేట దగ్గరట. ఫోన్‌లో అలా మాట్లాడాలని ట్రైనింగ్ ఇచ్చారట. ప్రతి కాల్‌నూ సూపర్‌వైజర్ వింటుంటాడట.

ఆమె బ్రోషర్ తెరిచింది. ఈతకొలను పేజీ రాకముందే ఆమె చూపు సెరీనా ఒడిలోని ఫైలు మీద పడింది. ఏంటిదని అడిగింది. బొమ్మలు అంది సెరీనా. చూడొచ్చా అంది మంజూష.

ఇన్ని యూనివర్సిటీలు, ఇన్ని ఫోన్లు, ఇన్ని కంగ్రాట్యులేషన్లు. ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే.

సెరీనా ముడి విప్పింది. ఫైల్లో ఒకే కొలత కాగితాల కట్ట ఉంది. మంజూష దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలితో అంచు వంచి వరసగా వదిలింది. కాగితాలు గబగబా పడ్డాయి. వాటి మీద ఒక ఆడమనిషి తలుపు తీసుకుని ఇంట్లోకి వచ్చింది. భుజం మీది బ్యాగును కిందికి జార్చింది. కుర్చీలో కూలబడింది. ఒక బూటులోంచి పాదం లాక్కుని, రెండో బూటులోంచి లాక్కుని, ఒక పాదంతో ఇంకో పాదాన్ని నెమ్మదిగా రుద్దుకుంది. అంతే.

అది సుమిత్ర. డ్యూటీ నుంచి రోజూ అలాగే వస్తుంది. నేను రోజూ ఆ ఎదురు కుర్చీలోనే, ఫోన్ మాట్లాడుతూ ఉంటాను. ఆవిడ పాదం రుద్దుకోవడం మొదటిసారి పంజగుట్టలో చూశాను.

మంజూష బల్ల మీది ఫోన్ ఎర్రగా వెలుగుతూ ఆరుతోంది. ఆమె ఎత్తలేదు. కాగితాలను మళ్ళీ మొదటి నుంచి వదిలింది. "మీ అమ్మనా?" అని సెరీనాను అడిగింది. అవునంది సెరీనా. "మస్తు వేసినవ్. బ్యాగు కింద పెట్టినంక భుజం జర పైకి లేవాలె, బరువు దిగింది గద" అంది. తన భుజంతో చూపించింది. సెరీనా కూడా తన భుజం ఎత్తి చూసుకుంది. ఇద్దరూ కాగితాల మీదికి వంగిపోయారు. నేనొకణ్ణి ఉన్నానన్న సంగతి ఆ బల్ల దగ్గర ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఉన్నట్టుండి సెరీనా తలెత్తి గోడ మీది బోర్డును చూసింది. మా పిల్ల ఏదైనా ఒకసారి చూస్తే మరచిపోదు. బోర్డును, మంజూష ముఖాన్ని మార్చి మార్చి చూసి, "అక్కా, ఆ టోపీ పెట్టుకున్నది మీరేనా?" అని అడిగింది.

నేనూ తిరిగి చూశాను. పై వరసలో మంజూష. పేరు కింద 'బీఎస్సీ యానిమేషన్' అని, ఆ కింద 'ప్రముఖ విద్యాసంస్థలో కమ్యూనికేషన్స్ ఎగ్జిక్యూటివ్' అని బంగారు అక్షరాలు.

మంజూష గొంతు బాగా తగ్గించింది. "నేను సుత ఇక్కడ్నే చదివిన సార్" అంది. మరి ప్లేస్‌మెంట్ అన్నాను. "గిదే సార్ ప్లేస్‌మెంట్." కళ్ళతోనే వరస చూపించింది. పక్క బల్ల అబ్బాయిది విజువల్ ఎఫెక్ట్స్ అట. ఆ పక్కమ్మాయిది గేమింగ్. మూలన కూర్చున్న అతను వాళ్ళ క్లాసులో అందరికన్నా బాగా బొమ్మలు వేసేవాడట. ఇప్పుడు కర్నూలు, నంద్యాల కాల్స్ చూస్తున్నాడట. చదువు అయిపోయాక కొన్ని నెలలు స్టూడియోల చుట్టూ తిరిగారట. ఏం నేర్చుకున్నారో చూపించమంటే చూపించడానికి ఏమీ లేక, ఒక్కొక్కరే వచ్చి ఇక్కడ కూర్చున్నారట.

పాఠకులు నన్ను క్షమించాలి. ఇన్నాళ్ళూ ఈ యూనివర్సిటీలు అబద్ధాలు ఆడతాయని గిట్టనివాళ్ళు అంటుంటే నేనూ లోలోపల అనుమానించాను. ఎంత పొరపాటు! హండ్రెడ్ పర్సెంట్ అన్నారు, హండ్రెడ్ పర్సెంట్ ఇచ్చారు. ఉద్యోగాలు బయట దొరక్కపోతే తమ ఇంట్లోనే సృష్టించారు. చేరిన పిల్లలు ఫోన్ చేసి కొత్త పిల్లల్ని చేరుస్తారు. ఆ కొత్త పిల్లలు చదువైపోయాక కూర్చుని ఇంకా కొత్త పిల్లలకు ఫోన్ చేస్తారు. దీనిలో నిరుద్యోగానికి చోటెక్కడుంది?

కానీ మా అమ్మాయికి నా అంత లోకజ్ఞానం లేదు. నేరుగా అడిగేసింది.

"నేను ఇక్కడ చేరనా అక్కా?"

అదే సమయంలో మెడలో పెద్ద ట్యాగు వేసుకున్న సూపర్‌వైజర్ మా బల్ల దగ్గరకు వచ్చి ఆగాడు. మంజూష నడుం నిటారైంది. ముఖం మీదికి ఫోన్ నవ్వు వచ్చింది. "తప్పకుండా చేరండి మేడమ్. మన యూనివర్సిటీలో అంతర్జాతీయ స్థాయి ల్యాబ్‌లు, ఒలింపిక్ ప్రమాణాల ఈతకొలను ఉన్నాయండీ" అంటూ గోదావరి యాసలో గడగడా చెప్పుకుపోయింది. చెబుతూనే ఆ కాగితాలను అంచులు సరిచేసి ఫైల్లో పెట్టింది. రిబ్బను ముడి వేసింది. విప్పడానికి కష్టమయ్యేలా గట్టిగా, రెండు ముళ్ళు. ఫైలును సెరీనా చేతుల్లో పెట్టి, అప్లికేషన్ ఫారాన్ని మాత్రం తన మోచేతి కిందే ఉంచుకుంది.

సూపర్‌వైజర్ తృప్తిగా తలాడించి ముందుకు వెళ్ళాడు.

మేము మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాం. ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ ఆగిపోయి హారన్లు మోగుతున్నాయి. సెరీనా ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. "చేరొద్దని చెప్పింది కదా డాడీ" అంది. అవునమ్మా అన్నాను. కాస్త నడిచి, నిలబడి, "మరి నేర్పేది ఎవరు?" అంది. సుమిత్ర బ్రోషర్ చూసిన రోజున అడిగిందీ అదే. ఇన్ని బ్రోషర్లు చదివినవాణ్ణి, మెట్రో మెట్ల వైపు దారి తీశాను.

ఆ మధ్యాహ్నం నాకొక కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మంజూష సొంత నంబరు. భోజనానికి బయటికి వచ్చి చేస్తోందట. ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీకి ఎంట్రన్స్ ఉందని, తన టైములో ఎవరూ చెప్పక తెలియలేదని, సెరీనాతో రాయించమని చెప్పింది. ఈ సలహాకు ఆమెకు మిక్సీ ఏమైనా ఇస్తారా అని అడుగుదామనుకున్నాను. ఆమె గొంతు విని ఊరుకున్నాను.

ఆ కాలేజీ ఎంత వెనకబడి ఉందో వేరే చెప్పక్కర్లేదు. మాకు ఒక్కసారైనా ఫోన్ చేయలేదు. టిఫిన్ చేశారా అని అడగలేదు. గుర్రం లేదు, ఈతకొలను లేదు. పరీక్ష రోజున కలలు ఉన్నాయా అని కూడా అడగలేదు. కాగితం ఇచ్చి, బస్సుస్టాపులో వాన పడుతున్నట్టు బొమ్మ వేయమన్నారట. సెరీనా బయటికి వచ్చేసరికి వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి. ఆ చేత్తోనే ముఖం తుడుచుకుని, ముక్కు మీద నలుపుతో నవ్వుతోంది. డ్యూటీకి సెలవు పెట్టి వచ్చిన సుమిత్ర కొంగుతో తుడవబోతే తలవంచి తప్పించుకుంది.

మొదటి లిస్టులో పేరు రాలేదు. వారం రోజులు సెరీనా ఫైలు ముడి విప్పలేదు. రామ్మోహనరావు గారు దిగివచ్చి, ఈతకొలనులో ఇంకా సీట్లున్నాయని గుర్తుచేశారు. సుమిత్ర ఆయనకు కాఫీ ఇచ్చి పంపింది. రెండో లిస్టులో వచ్చింది, కానీ యానిమేషన్‌లో కాదు, పెయింటింగ్‌లో. ఏం చేస్తావమ్మా అని అడిగాను. "ముందు సరిగ్గా నిలబడేట్టు వేయడం నేర్చుకుంటాను డాడీ. కదిలించడం తర్వాత" అంది. చేరింది. ఇప్పుడు రోజూ బట్టలకు రంగులు అంటించుకుని వస్తోంది. మాస్టారు ఒకాయన దాని బొమ్మల్ని ఎర్ర పెన్సిల్‌తో చీల్చి చెండాడుతున్నాడట. ఆ తిట్లను ఇంటికొచ్చి అన్నం తింటూ వాళ్ళమ్మకు సంబరంగా అప్పజెబుతోంది.

నా ఫోన్లు మాత్రం ఆగలేదు. చేరిపోయిందని చెప్పినా ఆగలేదు. పంజగుట్ట నంబరు నుంచి ఇప్పుడు వివేక్ అనే కుర్రాడు చేస్తున్నాడు. మంజూష ఏదని అడిగితే మానేసిందన్నాడు. ఎందుకని అడిగితే తెలీదన్నాడు. నువ్వేం చదివావు నాయనా అని అడిగాను. అలా ఎవరూ అడగరు కాబట్టి కాసేపు తడబడ్డాడు. గేమింగ్ డిజైన్ సార్ అన్నాడు. అప్పటి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళనూ అడుగుతున్నాను. ఒకమ్మాయిది ఫ్యాషన్. ఒకతనిది బీటెక్. ఇద్దరిది యానిమేషన్. అందరూ పొద్దుణ్ణుంచీ ఈ నగరంలో అందరినీ టిఫిన్ చేశారా అని అడుగుతున్నారు. వాళ్ళు చేశారో లేదో ఎవరూ అడిగినట్టు లేదు.

అందుకే మళ్ళీ చెబుతున్నాను, ఆ నంబర్లు బ్లాక్ చేయకండి. మన రాష్ట్రంలో యానిమేషన్ చదివిన పిల్లలు ఎక్కడున్నారని ఎవరైనా అడిగితే మీ ఫోన్ చూపించండి.

మొన్న ఆఫీసులో క్యారియర్ విప్పుతుంటే మళ్ళీ మోగింది. ఈసారి అమీర్‌పేట, గుర్రం యూనివర్సిటీ. "నమస్కారమండీ, మీ అమ్మాయి గారి భవిష్యత్తు గురించి ఒక్క నిమిషం..." అని ఆ గొంతు ఆగిపోయింది. నేనూ గుర్తుపట్టాను. మంజూషా అన్నాను. అవును సార్ అంది. పంజగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో ఒక్క స్టేషనే. కెరీర్‌లో అంత ముందుకు వెళ్ళింది.

సెరీనా పెయింటింగ్‌లో చేరిన సంగతి చెప్పాను. మంచిదండీ అంది.

"బొమ్మలు వేస్తున్నావా అమ్మా?" అని అడిగాను.

వెనక ఎంతోమంది ఒకేసారి నమస్కారాలు చెబుతున్న చప్పుడు వినిపిస్తోంది. తర్వాత, "మీరు అడిగిన విషయాన్ని మా సీనియర్ టీమ్ దృష్టికి తీసుకెళ్తానండీ" అంది. ఎవరో ఆమె వెనక నిలబడి ఉంటారని అర్థమైంది. నేను ఫోన్ పెట్టలేదు. ఆమె కూడా పెట్టలేదు.

కాసేపటికి గొంతు తగ్గించి అంది.

"సెరీనా కొత్తగ వేసినయ్ ఏమన్న ఉంటే పంపుమనండి సార్. లంచ్‌ల చూస్త."